మందును గుర్తుపట్టే ప్లాస్టిక్

కంట్లో చుక్క నిలవడం లేదని కొత్త దారి వెతుకుతున్న శాస్త్రజ్ఞులు

దీపాలు పెట్టే వేళకు పెద్దాయన అరుగు మీద తల వెనక్కి వాల్చి కూర్చుంటాడు. మనవరాలు ఒక చేత్తో కింది రెప్ప లాగి, రెండో చేత్తో చిన్న సీసా నొక్కుతుంది. "తాతా, కదలకు. పైకి చూడు" అంటుంది. మొదటి చుక్క రెప్పవెంట్రుకల మీద పడుతుంది. రెండోది కంట్లోనే పడుతుంది గాని ఆయన అప్పుడే గట్టిగా రెప్ప కొడతాడు. మందు చెంప మీదుగా గడ్డం దాకా జారుతుంది. పైపంచెతో తుడుచుకుని "పడిందిలే అమ్మా" అంటాడు. నీటికాసుల జబ్బు ఉన్నవారి ఇళ్లలో, ఏ ఊళ్లోనైనా, తరచు కనిపించే దృశ్యమే ఇది.

పడిందిలే అనుకున్న ఆ చుక్కలో కంటి లోపలికి చేరేది నూటికి 5 పాళ్లు కూడా ఉండదు. మిగిలిన 95 పాళ్లూ ఎటు పోతున్నాయి, పోకుండా ఆపేందుకు ఏం చేయవచ్చు అన్న ప్రశ్నే కొందరు శాస్త్రజ్ఞులను ఒక విచిత్రమైన పనికి పురికొల్పింది. వారు ప్లాస్టిక్‌కు మందును గుర్తుపట్టడం నేర్పారు. ఏ మందునైనా కాదు, ఒకే ఒక మందును. ఆ మందు కనిపిస్తే పట్టుకుంటుంది, మెల్లగా వదులుతుంది. పక్కనే మరో పదార్థం ఉన్నా దాని జోలికి పెద్దగా పోదు.

చుక్క ఎక్కడికి పోతుంది?

సీసా నుంచి జారే ఒక చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది. మిల్లీలీటరులో వెయ్యో వంతును మైక్రోలీటరు అంటారు. కంటి మీద మామూలుగా నిలిచే కన్నీరు 7 మైక్రోలీటర్లే. రెప్ప కొట్టకుండా ఎంత ఓపిక పట్టినా కన్ను 30కి మించి పట్టలేదు. గిద్దలో సోలెడు పోసినట్టే. ఎక్కువైనది ఒలికిపోతుంది.

ఒలికిపోకుండా మిగిలినదానికి మరో దారి ఉంది. ముక్కు పక్కన, కంటి మూలలో, రెప్పల అంచున సూదిమొనంత రంధ్రాలు ఉంటాయి. కన్నీరు వాటిలోంచి ముక్కులోకి దిగుతుంది. ఏడ్చినప్పుడు ముక్కు కారేది అందుకే. చుక్కల మందు వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తగిలిందని చాలామంది చెబుతారు. అది భ్రమ కాదు. మందు ముక్కులోకి, గొంతులోకి దిగి, అక్కడినుంచి రక్తంలో కలుస్తుంది.

ఇక్కడే ప్రమాదం ఉంది. నీటికాసులకు వాడే మందుల్లో టిమోలాల్ పాతది, చవకైనది. అమెరికాలో 1978లో అనుమతి పొందింది. కంటిలో ఊరే నీటిని అది తగ్గిస్తుంది. అదే మందు రక్తంలోకి వెళితే గుండె వేగాన్ని తగ్గిస్తుంది, ఊపిరి గొట్టాలను బిగిస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం ఎక్కువ కావచ్చు. కంటికి వేసుకున్న చుక్క వల్ల రాత్రి దమ్ము వచ్చిందంటే ఇంట్లోవారు నమ్మరు. డాక్టరుకు చెప్పాలనీ తోచదు. అందుకే ఉబ్బసం ఉన్న సంగతి కంటి డాక్టరుకు ముందే చెప్పడం అవసరం.

నీటికాసులంటే ఏమిటో ఒక్కమాట. కంటి ముందు భాగంలో నిర్మలమైన నీరు ఎప్పుడూ ఊరుతూ, ఒక అంచున ఉన్న జల్లెడ వంటి దారిలోంచి బయటికి పోతూ ఉంటుంది. అలుగు పూడుకుపోయిన చెరువులో నీరు పెరిగి కట్ట మీద ఒత్తిడి పడ్డట్టు, ఆ దారి మూసుకుంటే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. వెనకనున్న చూపునరం నలిగి మెల్లగా చచ్చిపోతుంది. ముందు పక్కచూపు పోతుంది. ఎదుటి మనిషి కనిపిస్తూనే ఉంటాడు గనక రోగికి ఏమీ తెలియదు. నొప్పి కూడా సాధారణంగా ఉండదు.

1996 నుంచి 2000 వరకు హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వారు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10 వేల మందికి పైగా కళ్లు పరీక్షించారు. నీటికాసులు ఉన్నట్టు తేలినవారిలో అత్యధికులకు అప్పటిదాకా ఆ సంగతే తెలియదు. శుక్లమేలే, ముదరనీ, తర్వాత ఆపరేషను చేయించుకుందాం అని ఆగేవారు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. శుక్లం ఆగుతుంది. ఆపరేషను చేసి లెన్సు వేస్తే చూపు తిరిగి వస్తుంది. నీటికాసులతో పోయిన చూపును మాత్రం ఏ ఆపరేషనూ తిరిగి తేలేదు. ఉన్నదాన్ని నిలుపుకోవడమే వైద్యం. ఆ నిలుపుకోవడం చాలామందికి రోజూ వేసుకునే చుక్క మీద ఆధారపడి ఉంది. ఆ చుక్కేమో చెంప మీదికి జారుతోంది.

తడిమట్టిలో గిట్ట ముద్ర

ప్లాస్టిక్‌కు గుర్తుపట్టడం ఎలా నేర్పుతారు? వాన వెలిసిన మర్నాడు పొలం గట్టు మీద ఎద్దు నడిచి వెళితే తడిమట్టిలో గిట్ట ముద్ర పడుతుంది. ఎండకు మట్టి గట్టిపడుతుంది. తర్వాత ఆ ముద్రలో అదే ఎద్దు గిట్ట చక్కగా ఇముడుతుంది. గేదె గిట్ట ఇమడదు. మేక కాలు పెడితే చుట్టూ ఖాళీ మిగులుతుంది. శాస్త్రజ్ఞులు చేసేదీ అటువంటిదే. ఎద్దు స్థానంలో మందు అణువు, తడిమట్టి స్థానంలో ఇంకా గట్టిపడని ప్లాస్టిక్ ముడిసరుకు ఉంటాయి.

ప్లాస్టిక్ అంటే చిన్న చిన్న అణువులు గొలుసు లింకుల్లా ఒకదానికొకటి తగులుకుని అయ్యే పెద్ద గొలుసు. పాలిమర్ అనేది దానికే పేరు. లింకులు విడివిడిగా ఉన్నప్పుడు అది నూనెలా పారే ద్రవం. అందులో కావలసిన మందు కలుపుతారు. ఇక్కడ కేవలం ఆకారం చాలదు. మందు అణువుకు క్షార గుణం ఉన్న కొస ఒకటి ఉందనుకుందాం. ముడిసరుకులో ఆమ్ల గుణం ఉన్న లింకులు కొన్ని వేస్తే అవి వచ్చి ఆ కొస దగ్గర చేరతాయి. మందు అణువు చుట్టూ ఎవరి చోట వారు నిలబడతారు. అప్పుడు వేడితోనో, ప్రత్యేకమైన కాంతితోనో లింకులన్నిటినీ కలిపేస్తారు. నిలబడ్డవారు నిలబడ్డచోటే బిగుసుకుపోతారు. తర్వాత ప్లాస్టిక్‌ను కడిగి లోపలి మందును తీసేస్తే దాని రూపంలోనే ఖాళీ గూడు మిగులుతుంది. గూటి గోడల మీద పట్టుకునే కొసలు కూడా సరైన చోట్లలోనే ఉంటాయి.

ఆదిలాబాద్ ఓజలు ఇత్తడి బొమ్మలు పోసేందుకు మైనం బొమ్మ చుట్టూ మట్టి పట్టించి, మైనాన్ని కరిగించి తీసేస్తారు. వారికి ఆ ఖాళీ దారి మాత్రమే, కావలసింది అందులో పోసిన ఇత్తడి. ఈ ప్లాస్టిక్ పనివారికి ఖాళీయే కావాలి. అటువంటి గూళ్లు లెక్కలేనన్ని ఉన్న ముక్కను అదే మందు ఉన్న నీళ్లలో వేస్తే మందు తన గూళ్లను వెతుక్కుని చేరుతుంది.

శరీరంలో ఈ పని ఎప్పటినుంచో జరుగుతోంది. రోగక్రిమి వస్తే దాన్ని మాత్రమే పట్టుకునే రక్షక పదార్థాలు రక్తంలో పుడతాయి. తాళానికి తాళంచెవిలా ఒకదానికొకటి సరిపోతాయన్న పోలికను శరీరంలోని ఇటువంటి పదార్థాల గురించి 1894లోనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎమిల్ ఫిషర్ చెప్పాడు. 1940లో అమెరికా శాస్త్రజ్ఞుడు లైనస్ పౌలింగ్ ఇంకో అడుగు వేసి, రక్షక పదార్థాలు క్రిమి మీదే అచ్చు పోసినట్టు తయారవుతాయేమో అన్నాడు. అది తప్పని తర్వాత తేలింది. శరీరం అలా చేయదు. కాని తప్పుడు ఊహ నుంచీ ఒక్కోసారి మంచి పని పుడుతుంది. పౌలింగ్ శిష్యుడు ఫ్రాంక్ డిక్కీ 1949లో ఇసుక వంటి సిలికా జిగురులో రంగు కలిపి గట్టిపరిచి, రంగు కడిగేసి చూశాడు. ఆ సిలికా మళ్లీ అదే రంగును ఎక్కువగా పట్టుకుంది. 1931లోనే సోవియట్ దేశంలో పోల్యాకోవ్ ఇటువంటి సంగతి గమనించి రాసి ఉన్నాడు. ప్లాస్టిక్‌లో ఈ పని 1972లో జర్మనీలో గుంటర్ వుల్ఫ్ బృందం చేసి చూపింది.

కాఫీకీ, ఉబ్బసం మందుకీ మధ్య

గుర్తుపట్టడం ఎంత ఖచ్చితంగా ఉంటుందన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. దానికి జవాబు స్వీడన్‌లోని లుండ్ నగరంలో దొరికింది. క్లాస్ మోస్‌బాక్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ థియోఫిలిన్ అనే మందును తీసుకున్నారు. ఉబ్బసానికి ఇచ్చే పాత మందు అది. తక్కువైతే పనిచేయదు, కొంచెం ఎక్కువైతే వాంతులు, గుండెదడ, ఫిట్లు కూడా వస్తాయి. అందుచేత రక్తంలో ఎంత ఉందో కొలుస్తూ ఇవ్వవలసి వచ్చేది.

చిక్కేమిటంటే కాఫీలో ఉండే కెఫీన్ ఈ మందుకు స్వయానా తోబుట్టువు. రెండిటికీ తేడా ఒక కర్బన పరమాణువు, దానికి అంటిన మూడు ఉదజని పరమాణువుల చిన్న గుత్తి మాత్రమే. మనిషి సైజులో చెప్పాలంటే కవలల్లో ఒకరి వేలికి ఉంగరం ఉన్నంత తేడా. పొద్దున్నే కాఫీ తాగి వచ్చిన రోగి రక్తంలో రెండూ ఉంటాయి. థియోఫిలిన్ మీద అచ్చు తీసిన ప్లాస్టిక్ ఆ రక్తంలోంచి థియోఫిలిన్‌నే ఏరుకుంది. కెఫీన్‌ను దాదాపు వదిలేసింది. జంతువుల శరీరంలో తయారైన రక్షక పదార్థాలతో చేసే పరీక్ష ఏ లెక్క చెప్పిందో ఈ ప్లాస్టిక్ కూడా దాదాపు అదే చెప్పింది. 1993లో 'నేచర్' పత్రికలో ఈ సంగతి వచ్చాక ప్రపంచం ఇటు తిరిగి చూసింది. గోడకు వేసే రంగు, అద్దాల బదులు వాడే అక్రిలిక్ పలక, పళ్ల సెట్టు ఏ కుటుంబం నుంచి వచ్చాయో ఆ కుటుంబపు సరుకే ఇదీ. ఎవరూ పెద్దగా గౌరవించని పదార్థం ఉంగరం ఉన్న కవలను గుర్తుపట్టిందన్నమాట.

పట్టుకోవడం కొలవడానికి పనికొచ్చింది. మరి పట్టుకున్నదాన్ని మెల్లగా వదలడం? మందును కావలసిన చోటికి చేర్చేందుకు అది పనికిరావాలి. కంటి సంగతి ఇక్కడ మళ్లీ వస్తుంది.

సైకిలు డైనమోతో మొదలైన లెన్సు

కళ్లజోడుకు బదులు నల్లగుడ్డు మీద పెట్టుకునే మెత్తని లెన్సును పట్నంలో చదువుకునే పిల్లల దగ్గర చూసే ఉంటారు. దాని పుట్టుక చెప్పుకోదగ్గది. చెక్ శాస్త్రజ్ఞుడు ఒట్టో విక్టెర్లే 1961 క్రిస్మస్ రోజుల్లో ఇంట్లో కూర్చుని, పిల్లలు ఆడుకునే ఇనుప ముక్కల సెట్టుతో ఒక చిన్న యంత్రం బిగించాడు. దాన్ని తిప్పేందుకు సైకిలు డైనమో పెట్టాడు. గిర్రున తిరిగే అచ్చులో ప్లాస్టిక్ ద్రవం పోస్తే అది గిన్నె ఆకారంలో పరుచుకుని గట్టిపడింది. ఆ యంత్రం మీద మొదట నాలుగు లెన్సులు వచ్చాయి. ఈ ప్లాస్టిక్ నీళ్లు పీల్చుకుని జున్నులా మెత్తబడుతుంది. బరువులో మూడో వంతుకు పైగా నీరే ఉంటుంది. అందుకే కన్ను దాన్ని ఓర్చుకుంటుంది.

నీళ్లు పీల్చేది మందును పీల్చదా? 1960లలోనే ఈ ఆలోచన వచ్చింది. మందులో నానబెట్టి కంటికి పెట్టారు. కాని నానబెట్టిన గుడ్డను ఆరేస్తే ఎలా కారుతుందో, మందు అలా వచ్చిన వేగాన వచ్చేసింది. తొలి గంటల్లో అవసరానికి మించి, తర్వాత ఏమీ లేదు. పట్టి ఉంచే గూళ్లు అందులో లేవు మరి.

ఆ గూళ్లు పెట్టే పని స్పెయిన్‌లోని సాంతియాగో విశ్వవిద్యాలయంలో కార్మెన్ అల్వారెజ్ లోరెంజో బృందమూ, జపాన్ లెన్సుల పరిశోధకుడు హిరతానీ మొదలైనవారూ 2002 ప్రాంతంలో చేపట్టారు. వారు ఎంచుకున్న మందు టిమోలాలే. దాని అణువుకు క్షార గుణం ఉన్న కొస ఉంది. లెన్సు ముడిసరుకులో ఆమ్ల గుణం ఉన్న లింకులు కొద్దిగా కలిపి, మందుతో సహా గట్టిపరిచి, కడిగి, మళ్లీ మందులో నానబెట్టారు. కన్నీటిలో ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు గూళ్లలోని పట్టును కొంచెం కొంచెంగా సడలిస్తుంది. మందు మెల్లగా బయటికి వస్తుంది.

2005లో కుందేళ్ల కళ్లలో పెట్టి చూసిన ఫలితం ప్రచురించారు. గూళ్లు లేని లెన్సుతో పోలిస్తే గూళ్లున్న లెన్సు నుంచి కన్నీటిలో మందు రెండు రెట్లు ఎక్కువ సేపు కనిపించింది. చుక్కతో పోలిస్తే మూడు రెట్లు. మూడు రెట్లు అంటే వినడానికి బాగుంది గాని, అది గంటల లెక్కే, రోజుల లెక్క కాదు. తర్వాత అమెరికాలో మార్క్ బర్న్ బృందం కంటి దురదకు వాడే కెటోటిఫెన్ మందుతో, ఒకటికి నాలుగు రకాల పట్టుకొసలున్న గూళ్లు చేసి ప్రయత్నించింది. 2012లో వచ్చిన ఫలితం ప్రకారం కుందేలు కంట్లో ఆ లెన్సు ఒక రోజు దాటి, 26 గంటల పాటు, ఇంచుమించు ఒకే మోతాదులో మందు ఇస్తూ వచ్చింది. చుక్క వేసిన కంట్లోనైతే మందు ఒక్కసారి ఎగసి పడిపోయింది.

ఎందుకు ఇంత ఆలస్యం?

పదేళ్ల కిందటే కుందేలుకు కుదిరితే మనిషికి ఇంకా ఎందుకు రాలేదని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే.

గట్టు మీద గిట్ట ముద్ర ఎండినంత కాలం బాగుంటుంది. మళ్లీ వాన పడితే? మట్టి ఉబ్బి ముద్ర చెరిగిపోతుంది. మెత్తని లెన్సు సంగతీ అంతే. నీళ్లు పీల్చి ఉబ్బినప్పుడు గూళ్లు సాగి రూపం మారతాయి. గూళ్లు చెదరకుండా గొలుసులను మరీ బిగిస్తే లెన్సు గట్టిపడి కంటిని గీస్తుంది. ఈ రెండిటి మధ్య ఇరుకుదారిలో నడవాలి. రెండో చిక్కు, లెన్సును డబ్బాలో నీళ్లలో ఉంచి అమ్ముతారు. మందు కంటికి చేరేలోపే ఆ నీళ్లలోకి దిగిపోతే ప్రయోజనం లేదు. క్రిములు చావాలని వేడి చేస్తే మందు చెడకూడదు. కడగగా మిగిలిపోయిన ముడిసరుకు ఏ కొంచెం ఉన్నా కంటికి హాని. ఇవన్నీ దాటాక మనుషుల మీద ఏళ్ల తరబడి పరీక్షలు. నీటికాసులకు గూళ్లున్న లెన్సు ఇంకా మందుల దుకాణానికి రాలేదు.

మందున్న లెన్సు అంటూ ఒకటి మాత్రం వచ్చింది. 2022 మార్చిలో అమెరికా ప్రభుత్వం కెటోటిఫెన్ కలిపిన లెన్సుకు అనుమతి ఇచ్చింది. రోజుకొకటి పెట్టుకుని పారేసేది. అది దురదకే గాని నీటికాసులకు కాదు. మామూలు లెన్సులో మందు నింపిందే గాని అచ్చు తీసిన గూళ్లదీ కాదు. అయినా తలుపు తెరుచుకుంది. అంతకు ముందు, 2020లో, నీటికాసుల మందును కరిగిపోయే ప్లాస్టిక్ ముక్కలో ఉంచి డాక్టరే సూదితో కంటిలోపల పెట్టే పద్ధతికీ అక్కడ అనుమతి వచ్చింది. నెలల తరబడి చుక్కల బెడద ఉండదు.

ఈ గూళ్ల ప్లాస్టిక్‌కు కన్ను ఒక్కటే రంగం కాదు. మందును చేర్చడానికి బదులు విషాన్ని పట్టేందుకు వాడినవారూ ఉన్నారు. అమెరికాలో కెన్నెత్ షే, జపాన్ శాస్త్రజ్ఞులు కలిసి తేనెటీగ విషంలోని మెలిటిన్ మీద అచ్చు తీసి కంటికి కనిపించనంత చిన్న ప్లాస్టిక్ రేణువులు చేశారు. ఎలుకలకు మెలిటిన్ ఎక్కించి, వెంటనే ఈ రేణువులు ఎక్కిస్తే చావులు తగ్గాయి. రేణువులు విషాన్ని పట్టుకుని కాలేయానికి చేర్చాయి. బతికి ఉన్న ప్రాణి రక్తంలో ఇటువంటి ప్లాస్టిక్ పనిచేసిందని 2010లో అలా రుజువైంది. పాముకాటుకు ఇది వచ్చిందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. పాము విషం ఒక్క పదార్థం కాదు, అనేక పదార్థాల కలగలుపు. పాము కరిస్తే ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఇంజెక్షనే నేటికీ దిక్కు.

మన పొలాల్లో నిలుస్తుందా?

రేపు నీటికాసుల లెన్సు వచ్చిందనే అనుకుందాం. నూర్పిడి కళ్లంలో పొట్టు ఎగురుతుంటే, మిరపకాయలు కోసిన చేయి కంటికి తగులుతుంటే, బోరు నీటితో ముఖం కడుక్కునే రైతు లెన్సు పెట్టుకోగలడా? ఇది పరిశోధకుల పత్రాల్లో ఎక్కువగా కనిపించని ప్రశ్న. లెన్సును బావి నీటితోనో, కుళాయి నీటితోనో కడిగితే నీటిలోని సూక్ష్మజీవి నల్లగుడ్డుకు పట్టి పుండు చేయగలదు. వరి ఆకు కోసుకున్నా, పొట్టు పడినా బూజు వల్ల వచ్చే పుండు పల్లెల్లో మామూలే. మానినా పువ్వు వేసి చూపు పోతుంది. చూపు కాపాడే లెన్సే పుండుకు కారణమైతే అంతకంటే అన్యాయం ఉండదు. చేతులు వణికే డెబ్బై ఏళ్ల మనిషికి లెన్సు పెట్టుకోవడం కంటే చుక్క వేయించుకోవడమే సులువు కావచ్చు. ఆ లెక్కన డాక్టరు నెలలకొకసారి పెట్టి పంపే పద్ధతే పల్లెకు ఎక్కువ నప్పుతుందేమో.

ధర మాట మరొకటి. శుక్లం ఆపరేషనులో వేసే లెన్సు కూడా ఒకప్పుడు విదేశాల నుంచే వచ్చేది, పేదలకు అందేది కాదు. 1992లో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రికి చెందిన ఆరోల్యాబ్ దాన్ని ఇక్కడే చేయడం మొదలుపెట్టాక ధర ఎన్నో రెట్లు తగ్గింది. ఈనాడు శిబిరాల్లో ఉచితంగా లెన్సు వేయించుకుని వచ్చిన ముసలివారు ఊరూరా ఉన్నారు. ఆ లెన్సూ ప్లాస్టిక్కే. కొత్తదానికి అటువంటి చేయి తగలకపోతే అది పట్నం షాపు అద్దాల వెనకే ఉండిపోతుంది.

అంతవరకు చుక్కే

కనుక పెద్దాయన చేతిలోని సీసాయే ప్రస్తుతానికి ఆధారం. 5 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 100 చుక్కలు ఉంటాయి. రెండు కళ్లకూ రెండు పూటలా ఒక్కొక్క చుక్క చొప్పున 25 రోజులు వస్తుంది. రెప్ప మీద పడినవాటిని కలుపుకుంటే నెలాఖరుకు ముందే సీసా ఖాళీ. కొనడానికి పట్నం వెళ్లేదాకా నాలుగు రోజులు ఖాళీ. ఆ నాలుగు రోజులూ నొప్పి ఉండదు, చూపులో తేడా తెలియదు, నరం మీద ఒత్తిడి మాత్రం ఉంటుంది. ఇప్పుడు రోజుకు ఒక్కసారే వేసుకునే మందులు కూడా ఉన్నాయి. రెండు పూటలా కుదరనివారు డాక్టరును అడిగి మార్పించుకోవచ్చు. తమంతట తాము మార్చుకోరాదు.

చుక్క వృథా కాకుండా చేసే ఉపాయం ఖర్చు లేనిది. చేతులు కడుక్కుని, తల వెనక్కి వాల్చి, కింది రెప్పను లాగితే చిన్న జేబులా అవుతుంది. అందులో ఒక్క చుక్క చాలు. సీసా కొన కంటికి తగలకూడదు. వెంటనే కన్ను మెల్లగా మూసుకుని, రెప్ప కొట్టకుండా, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచాలి. ముక్కులోకి దిగే దారి అలా మూసుకుంటుంది. కంటికి అందే మందు పెరుగుతుంది, రక్తంలోకి పోయేది తగ్గుతుంది. రెండు రకాల చుక్కలు ఉంటే మధ్య అయిదు నిమిషాలు ఆగాలి. లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. మూత తీసిన సీసాను మామూలుగా నెల దాటాక వాడకూడదు.

కళ్లలో ఒత్తిడి చూసే పరీక్షకు నిమిషాలు పడతాయి, నొప్పి ఉండదు. ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 వరకు ఉంటుంది. అయితే ఒత్తిడి సరిగా ఉన్నా నరం దెబ్బతినేవారు కొందరు ఉంటారు గనక డాక్టరు లోపలి నరాన్ని కూడా చూస్తారు. ఇంట్లో ఒకరికి నీటికాసులు ఉన్నట్టు తేలితే వారి తోబుట్టువులూ, పిల్లలూ 40 ఏళ్లు దాటేసరికి, కళ్లు బాగా కనిపిస్తున్నా సరే, ఒకసారి చూపించుకోవలసి ఉంటుంది.